గొంతు పోయిన ఏడాది

ఆవిడ గొంతెత్తితే రోడ్డు మీద వెళ్ళే సైకిళ్ళు కూడా ఒక్క క్షణం తడబడేవని చెప్పుకునేవాళ్ళు. తడబడేవో లేదో గానీ, బడి గేటు దగ్గర కూర్చునే కాపలాయన మాత్రం, "ఒకటో తరగతి టీచరమ్మ ఉండగా మన బడికి గంటెందుకండీ దండగ!" అనేవాడు. పిల్లలూ, తోటి టీచర్లూ, చివరికి కట్టుకున్న భర్త కూడా చాటుగా ఆవిణ్ణి మైకు టీచరనే అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కోప్పడేది కాదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ గొంతుకి ఇల్లూ కొంత కారణమే. భర్తది పిండిమర. పొద్దస్తమానం ఆ హోరులో నిలబడీ నిలబడీ ఆయన చెవులు మొద్దుబారాయి. ఉప్పందుకోమన్నా, తలుపు వేసి రమ్మన్నా అరిచి చెప్పాల్సిందే. ఇక అత్తగారు. ఆవిడ చెవులు పాము చెవులు. నోరు మాత్రం ఎదుటివాళ్ళకి సందివ్వదు. ఆ నోటి మధ్య తన మాట ఇరికించాలంటే కోడలు ఓ మెట్టు పైనించే మొదలుపెట్టాలి. అలా ఇంట్లో పెరిగిన గొంతు బళ్ళో అక్కరకొచ్చింది.

ఆవిడ గది వరండా చివర. పొట్టి బెంచీలు, పిల్లల చేతులు అందినంత మేరా తెల్లబారిపోయిన నల్లబల్ల, గోడ నిండా బొమ్మలతో అక్షరాల పటాలు. ఆవిడ బెత్తం పెట్టి చూపించి ఒకసారి అంటే, పిల్లలు రెండుసార్లు అనాలి. అక్షరాలైనా అంతే, గుణింతాలైనా అంతే, పాఠమైనా అంతే. గది పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు. ఎవరి నోరన్నా ఆగితే ఆవిడ కన్ను అక్కడికే వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి ఒకటో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్ళు. తల్లిదండ్రులు వచ్చి విని పొంగిపోయేవాళ్ళు.

పిల్లలంటే ప్రాణం ఆవిడకి. ముక్కు కారితే తన చీర చెంగుతో తుడిచేది. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాణ్ణి మొహం చూసి పట్టేసేది, తన డబ్బా మూత తీసి ముందు పెట్టేది. అందుకే పిల్లలకీ ఆ అరుపంటే భయం లేదు. అది వాళ్ళకి అమ్మ కేకలాంటిది.

ఓ రోజు "క" గుణింతం చెబుతూ "కౌ" దగ్గర ఆవిడ నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. తుప్పు పట్టిన తలుపు కదిలినట్టు ఏదో కీచుమంది. పిల్లలు అది కొత్త అక్షరమనుకుని అందరూ ఒక్కసారిగా కీచుమన్నారు.

గొంతు డాక్టరు లైటు పెట్టి చూశాడు. "బరువులు మోసేవాళ్ళ అరచేతులు చూశారా? కాయలు కాసి ఉంటాయి. మీ గొంతులో అలా కాశాయి. ఆపరేషన్ దాకా వెళ్ళకూడదనుకుంటే ఒకటే మందు. మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. నేను చెప్పేదాకా."

"ఎన్నాళ్ళు?" అనబోయింది. డాక్టరు వేలెత్తి ఆపాడు. "చూశారా, అప్పుడే మొదలెట్టారు. నాలుగైదు నెలలనుకోండి."

ఇంటికొచ్చి పలక మీద రాసి చూపిస్తే భర్త కళ్ళద్దాల కోసం ఇల్లంతా వెతుక్కున్నాడు. అత్తగారు విషయం విని మొదట అయ్యో అంది, తర్వాత కుర్చీలో సర్దుకు కూర్చుంది. "పోనీలేవే తల్లీ, ఇన్నాళ్ళకి నా మాట పూర్తిగా వినే మనిషి దొరికింది ఈ ఇంట్లో" అని పెళ్ళినాటి సంగతుల దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

హెడ్ మేడమ్ సెలవు పెట్టమంది. లేదంటే ఆఫీసు గదిలో కూర్చుని రికార్డులు రాయమంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పలక మీద, "నా పిల్లలకి అక్షరాలన్నీ వచ్చేశాయి. చూపిస్తే చాలు, వాళ్ళే చదువుకుంటారు" అని రాసింది. నమ్మే రాసింది.

మర్నాడు మెడలో పలక తగిలించుకుని తరగతిలోకి వెళ్ళింది. నోటి మీద వేలు పెట్టుకుని, గొంతు చూపించి, చెయ్యి తిప్పింది. పిల్లలకి ఇట్టే అర్థమైంది. బెత్తం తీసుకుని పటం మీద "అ" చూపించింది. అంతే, కట్ట తెగినట్టు మొత్తం అక్షరాలన్నీ బెత్తం కన్నా ముందే పరిగెత్తాయి. ఆవిడ నవ్వుకుంది. ఈసారి వరసగా కాకుండా మధ్యలో "మ" మీద బెత్తం పెట్టింది.

గది నిశ్శబ్దమైపోయింది.

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు బెంచీ పిల్ల మెల్లగా, "క, ఖ, గ, ఘ…" అని మొదట్నుంచి రాగం తీస్తూ వచ్చి, "మ" దగ్గర ఆగకుండా దాటుకుని చివరిదాకా వెళ్ళిపోయింది. టీచరు బెత్తం "ప" మీద పెట్టింది. పక్కన పలక బొమ్మ, కింద "పలక" అని ఉంది. ఓ బుడతడు ఉత్సాహంగా లేచి, "ట్యాబు!" అన్నాడు.

ఆవిడ బెత్తం పక్కన పెట్టింది. తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల, రొట్టెల దుకాణం ఆయన కూతుర్ని పిలిచి పుస్తకం చేతికిచ్చింది. ఆ పిల్ల జడలూపుకుంటూ గుక్క తిప్పుకోకుండా నాలుగో పాఠం అప్పజెప్పింది. కళ్ళు కిటికీలోంచి బయట కాకి మీదున్నాయి. తెరిచిన పేజీ ఆరో పాఠానిది.

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక ఆవిడ పొట్టి బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ గదిలో చదివింది తనొక్కతే. పిల్లలు తన గొంతు చెయ్యి పట్టుకుని వెనకాలే నడిచారు. ఆ చెయ్యి వదిలేసరికి దారి తెలీక నిలబడిపోయారు. ఇదీ ఆవిడకి తోచింది. తోచాక తల కొట్టేసినట్టయింది.

పక్క గదిలో రెండో తరగతి టీచరు ఇంకా ఉంది. వయసులో చాలా చిన్నది. మాట మాటకీ చప్పట్లు కొట్టిస్తుంది, అట్టముక్కల మీద అక్షరాలు రాసి నేల మీద పరిచి పిల్లల్ని గెంతిస్తుంది. మన టీచరు ఆ అమ్మాయిని చూసి, "ఇది చదువా, సర్కసా?" అని నలుగురిలో అన్న సందర్భాలున్నాయి. ఇప్పుడు వెళ్ళి పలక చూపించింది. "మా వాళ్ళకి చదవడం రాదు."

ఆ అమ్మాయి పలక చదివి, చేతిలోని అట్టముక్కలు పక్కన పెట్టింది. తర్వాత కాస్త నీళ్ళు నమిలి, "మీ దగ్గర్నుంచి వచ్చే పిల్లలకి బడంటే భయముండదు టీచర్. నోరు విప్పుతారు. అది నేను నేర్పలేను. అక్షరాలు మాత్రం… మొదటి రెండు నెలలు నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుంటాను" అంది.

"ఎప్పట్నుంచి?" అని రాసింది ఆవిడ.

"నేను ఈ బళ్ళో చేరినప్పట్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలనుకున్నానండీ" అని ఆ అమ్మాయి నవ్వేసింది. "మీరు మాట్లాడుతుంటే మధ్యలో సందు దొరకలేదు."

అత్తగారి గురించి తను అనే మాటే తనకి తగిలింది. ఇంకోళ్ళయితే ముఖం ముడుచుకుని వచ్చేసేవాళ్ళే. ఆవిడ బెంచీ లాక్కుని కూర్చుని, పలక తుడిచి, "నేర్పు" అని రాసింది.

అంత వయసులో, అంత పేరున్న మనిషి, మర్నాటి నుంచి ఆ చిన్నదాని ముందు రోజూ సాయంత్రం విద్యార్థిలా కూర్చుంది. మాటని ముక్కలు చెయ్యడం నేర్చుకుంది. "పలక" అంటే మూడు చప్పట్లు, "ఇల్లు" అంటే రెండు. చెవికి ముక్కలు తెలిస్తేనే కంటికి అక్షరాలు తెలుస్తాయని, బొమ్మని చేత్తో మూసి మాట చూపించాలని, లేకపోతే పిల్లలు బొమ్మనే చదువుతారని తెలుసుకుంది. "మ", "య" పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో పిల్లల వేలితోనే తడిమించాలని తెలుసుకుంది. కొన్ని నచ్చలేదు. గెంతడం తన మోకాళ్ళ వల్ల కాదని రాసిచ్చింది.

ఒకటి మాత్రం ఎవరూ నేర్పకుండా తనే కనిపెట్టింది. తను మాట్లాడకూడదు కాబట్టి పిల్లలే మాట్లాడాలి. రోజూ పొద్దున్నే ఒకళ్ళని పిలిచి చెయ్యి ఊపి ఏదో ఒకటి చెప్పమనేది. వాళ్ళు నోటికొచ్చింది చెప్పేవాళ్ళు. అది ఉన్నదున్నట్టు బల్ల మీద రాసేది. "మా తాత గురక పెడతాడు." "నాకు కొత్త చెప్పులు కరిచాయి." "మా అక్క అద్దంతో మాట్లాడుతుంది." తాము అన్న మాట అలా గోడెక్కి కూర్చుంటే పిల్లలకి ఎక్కడలేని సంబరం. గురక ఎక్కడుంది, తాత ఎక్కడున్నాడు అని వేలు పెట్టి వెతికేవాళ్ళు. తాతలో "త" రెండుసార్లు వచ్చిందని, ఒకదానికి దీర్ఘం ఉందని ఒకడు కనిపెట్టి గదంతా చాటాడు.

ఒకరోజు హెడ్ మేడమ్ అటుగా వస్తే, బల్ల మీద పెద్ద పెద్ద అక్షరాలతో "మా పిల్లి మంచం కింద కక్కింది" అని ఉంది. మేడమ్ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమిటండీ ఇది?"

టీచరు పలక చూపించింది. "క కింద క ఒత్తు."

వెనక బెంచీ దాకా పిల్లలు ఒక్కొక్కళ్ళే లేచి ఆ వాక్యం చదివారు. చదివిన ప్రతిసారీ గది ఘొల్లుమంది. హెడ్ మేడమ్ నవ్వు ఆపుకోవడానికి చీర చెంగు అడ్డం పెట్టుకుని, కనీసం తలుపైనా మూసుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

మిగతా సమయమంతా ఆవిడ ఓ ముక్కాలి పీట వేసుకుని ఒక్కొక్కళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేది. ఇదే అన్నిటికన్నా కష్టమైంది. గొంతున్న రోజుల్లో పిల్ల ఒక్క మాట దగ్గర ఆగితే చాలు, తనే అందించేసేది. అది దయనుకునేది. ఇప్పుడు అందించడానికి నోరు లేదు. ఊరుకోవాలి.

ఇస్త్రీ చేసే ఆవిడ కూతురు తరగతిలో అందరికన్నా నెమ్మది. నత్త అని పేరు పెట్టారు తోటిపిల్లలు. కోరస్‌లో పెదాలు మాత్రం ఆడించేదని టీచరుకి గొంతు పోయాకే తెలిసింది. ఓ మధ్యాహ్నం ఆ పిల్ల పీట పక్కన కూర్చుని "నల్లని మబ్బు వచ్చింది" అన్న వాక్యం మీద వేలు పెట్టింది. "నల్లని" గట్టెక్కింది. "మబ్బు" దగ్గర ఆగింది.

"మ… బు… మబు."

ఆగింది. తల అడ్డంగా ఊపింది. "మబు అని ఏమీ లేదు కదా టీచర్" అంది.

టీచరు నోటి నిండా ఆ మాటే ఉంది. పెదాలు బిగబట్టుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. పక్కన ఎవరో పలక కింద పడేశారు, ఎవరో కొట్టుకుంటున్నారు. ఆ పిల్ల ఇవేవీ వినలేదు. వేలు వెనక్కి జరిపింది. "బ" కింద వేలాడుతున్న ఒత్తుని చూసింది. ముక్కు పేజీకి ఆనించి మళ్ళీ చూసింది.

"మ… బ్… మబ్… బు…" ఉన్నట్టుండి తలెత్తింది. "మబ్బు! ఆకాశంలో మబ్బు! నల్లని మబ్బు వచ్చింది టీచర్!"

అని నిజంగానే వచ్చిందేమో చూడ్డానికి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బయట ఎండ పెళపెళా కాస్తోంది. టీచరుకి మాత్రం కళ్ళు మసకబారాయి. ఎంతమంది పిల్లల నోటి ముందు నుంచి ఈ క్షణాన్ని తను లాగేసుకుందో లెక్కేసుకోబోయి, మానేసింది. పీట పక్కకి తర్వాతి పిల్లవాణ్ణి పిలిచింది.

ఇంత జరుగుతున్నా బయటివాళ్ళకి కనపడింది ఒక్కటే. బళ్ళోంచి కేకలు వినపడటం లేదు. పైగా పిల్లలు ఇంటికెళ్ళి పాఠం గడగడా అప్పజెప్పడం మానేసి, పప్పు డబ్బా మీదా, మందు సీసా మీదా వేలు పెట్టి నత్తనడకన కూడబలుక్కుంటున్నారు. రొట్టెల దుకాణం ఆయనకి ఒళ్ళు మండింది. తాడోపేడో తేల్చుకోవాలని ఓ పొద్దున కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, హెడ్ మేడమ్‌ని వెంటబెట్టుకుని నేరుగా గదిలోకే వచ్చాడు.

"మాటొచ్చినప్పుడు టీచరమ్మ చదువు చెప్పింది, కాదన్ను. మా దుకాణంలోకి వినపడేది. ఇప్పుడు మాట లేదు, చదువూ లేదు. నా కూతురు పాఠాలు చూడకుండా చదివేదండీ! ఇప్పుడు చూస్తూ కూడా చదవలేకపోతోంది!"

రెండో తరగతి టీచరు అలికిడి విని గుమ్మంలోకి వచ్చింది. "చూడకుండా చెప్పేది చదవడం కాదండీ…" అని ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినిపించుకోలేదు. హెడ్ మేడమ్ మన టీచరు వైపు చూసింది.

మాట ఉంటే ఆవిడ అక్కడికక్కడే దులిపేసేది. లేదు కాబట్టి, ఆయన్ని కింది నుంచి పై దాకా ఓసారి తేరిపార చూసి, సుద్దముక్క తీసుకుని బల్ల మీద ఒక వాక్యం రాసింది. ఆయన కూతుర్ని పిలిచి దాని ముందు నిలబెట్టింది.

పిల్ల భయంభయంగా మొదలుపెట్టింది. "మీ… నా… న్న… నాన్న. మీ నాన్న. చొ… క్కా… చొక్కా…"

"చూశారా! ఇదీ వరస!" అన్నాడు తండ్రి.

"గు… గుం… డీ… గుండీ. ఊ… ఊడిం… ది. ఊడింది."

పిల్ల ఆగింది. పెదాలు కదుపుతూ లోపల మరోసారి చదువుకుంది. గిర్రున వెనక్కి తిరిగి తండ్రి చొక్కా వైపు చూసింది. పొట్ట మీద గుండీ లేదు, బనీను తొంగి చూస్తోంది. పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఆలస్యంగా, ముందు బెంచీ నవ్వింది. ఆ తర్వాత రెండో బెంచీ. చదవడం పూర్తయినవాళ్ళు పూర్తయినట్టు నవ్వారు. అన్నిటికన్నా చివర నత్త నవ్వింది.

ఆయన కిందికి చూసుకున్నాడు. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది, ఆ తర్వాత నెమ్మదిగా మారింది. బల్ల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"ఇది పుస్తకంలో లేదు కదూ?" అన్నాడు.

"పుస్తకంలో నీ గుండీ ఎందుకుంటుంది నాన్నా?" అంది కూతురు.

ఆయన కూతురి తల నిమిరాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "పాత కేకలు కూడా బాగానే ఉండేవండీ. త్వరగా నయం కావాలి" అని పొట్ట పట్టుకునే నమస్కారం పెట్టాడు.

గొంతు మెల్లగా తిరిగొచ్చింది. పాత గొంతు కాదు, దానికి చెల్లెలిలాంటిది. సన్నగా, కాస్త బొంగురుగా ఉంటుంది. గట్టిగా మాట్లాడితే మళ్ళీ పోతుందని డాక్టరు బెదిరించాడు. ఇంట్లో భర్తకి వినపడక చెవి యంత్రం కొనుక్కోక తప్పలేదు. అది పెట్టుకున్న రోజు తల్లి మాటలన్నీ స్పష్టంగా వినపడేసరికి ఆయన బిత్తరపోయి తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ ఏడాది చివరికి అందరికీ చదవడం వచ్చేసిందంటే అబద్ధం. ఓ నలుగురికి ఒత్తులు కొరుకుడు పడలేదు, ఇద్దరు ఇంకా "మ"కీ "య"కీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళని రెండో తరగతికి పంపేసి చేతులు దులుపుకోలేదు ఆవిడ. భోజనాల గంటలో పీట పట్టుకుని పక్క గదికి తనే వెళ్ళేది. ఇద్దరు టీచర్లూ చెరో పక్కా కూర్చుని, పిల్లవాడు ఆగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఊరుకునేవాళ్ళు.

కొత్త ఏడాది మొదలైన రోజు ఎప్పట్లాగే ఒకటో తరగతి ఏడుపులతో మార్మోగింది. అందరికన్నా గట్టిగా ఏడ్చినవాడొకడు, వాళ్ళమ్మ కొంగు వదలనివాడు, చివరికి బెంచీ కింద దూరాడు. టీచరు వంగి, తన చిన్న గొంతుతో, "ఏదన్నా చెప్పు నాన్నా. నువ్వేం చెబితే అది రాస్తాను" అంది.

"నాకీ బడి నచ్చలేదు!" అన్నాడు వాడు బెంచీ కింద నుంచి.

ఆవిడ లేచి వెళ్ళి బల్ల మీద ఉన్నదున్నట్టు రాసింది. నాకీ బడి నచ్చలేదు. ఏడుపు కాస్త తగ్గింది. బెంచీ కింద నుంచి తల బయటికొచ్చింది.

"అది నేనన్నదేనా?"

"నువ్వన్నదే."

"ఇందులో బడెక్కడుంది?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. వాడు ముక్కు ఎగబీల్చుకుంటూ లేచి వచ్చి, దాని కింద తన వేలు కూడా పెట్టి చూశాడు.

"చెరిపెయ్యకండి" అన్నాడు.